మోడెమ్ కార్డు ఆగితే ల్యాప్‌టాప్ ఎందుకు ఆగాలి? సర్వీస్ విభాగాలకూ డ్రైవర్లు రాసేవారికీ బహిరంగ లేఖ

ల్యాప్‌టాప్ కంపెనీల సర్వీస్ విభాగాలకు, మోడెమ్ కార్డులు తయారుచేసేవారికి, వాటికి డ్రైవర్లు రాసే ఇంజినీర్లకు,

నమస్కారం.

మోడెమ్ కార్డు (సిమ్ మీదో, పాతవాటిలో ఫోను లైను మీదో నెట్ తెచ్చే కార్డు) ఉన్న ల్యాప్‌టాప్ హ్యాంగ్ అవుతోందని మీ కౌంటరు దగ్గరకు వస్తే, జాబ్ షీటు మీద చివరికి పడే వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఓఎస్ మళ్లీ వేశాం." వాడేవారి డేటా పోతుంది, ప్రోగ్రాములు పోతాయి, వారం తిరిగేసరికి హ్యాంగ్ మాత్రం పదిలంగా తిరిగొస్తుంది. తప్పు ఓఎస్ ఫైళ్లలో ఉంటే కదా, ఓఎస్ మళ్లీ వేస్తే పోవడానికి! అది కార్డుకూ, దాన్ని నడిపే ప్రోగ్రామైన డ్రైవరుకూ, మెషీన్‌ను మొదట లేపే బయోస్‌కూ, బోర్డు మీది కరెంటుకూ మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ చోటు ఏదో వెతకడానికి ఓ క్రమం ఉంది. దాన్నీ, చోటు దొరికాక మీలో ఎవరు ఏం సరిచేయాలో దాన్నీ ఈ లేఖలో రాస్తున్నాం.

ముందు హ్యాంగ్ అన్న మాట సంగతి. ఆ ఒక్క మాట కింద కనీసం మూడు వేరువేరు జబ్బులున్నాయి. వాటిని విడదీయాలంటే మెషీన్ ఆగిపోయి ఉండగానే, పవర్ బటన్ మీద వేలు పెట్టకముందే చూడాలి. క్యాప్స్ లాక్ నొక్కండి. దీపం వెలిగి ఆరుతుంటే ఓఎస్ గుండెకాయ అయిన కెర్నల్ బతికే ఉంది. వెలగనంత మాత్రాన చచ్చిపోయిందనుకోకండి, కొన్ని డెస్క్‌టాప్‌లలో ఆ దీపాన్ని వెలిగించేది తెర గీసే ప్రోగ్రామే. కాబట్టి రెండో పరీక్ష: వేరే కంప్యూటరు నుంచి వైఫై మీదుగానో కేబుల్ మీదుగానో పింగ్ కొట్టండి, అంటే ఉన్నావా అని అడిగే చిన్న సందేశం పంపండి. పింగ్‌కు జవాబిచ్చేది కెర్నలే. జవాబు వస్తోందంటే పైన తెర మాత్రమే బిగుసుకుపోయిందని అర్థం. ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి ఆదేశాలిచ్చే ప్రోగ్రాము) లోపలికి వెళ్లగలిగితే లాగ్ (ఓఎస్ రాసుకునే చిట్టా) అప్పుడే తీసుకోవచ్చు. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ను అడ్డుకుంటుంది గనుక ముందే అనుమతి ఇచ్చి పెట్టుకోవాలి.

మూడో పరీక్ష చాలామంది గమనించనిది. బయట తగిలించిన యూఎస్‌బీ మౌసు, కీబోర్డు చచ్చిపోయి, ల్యాప్‌టాప్ సొంత కీబోర్డు పనిచేస్తోందా? అప్పుడు ఆగింది ఓఎస్ కాదు, యూఎస్‌బీ కంట్రోలరు. లోపలి కార్డులు పెట్టే మినీ పీసీఐఈ స్లాటులో కూర్చున్న మోడెమ్ కార్డుల్లో ఎక్కువ భాగం నిజానికి యూఎస్‌బీ పరికరాలే. స్లాటు పేరు పీసీఐఈ అయినా, 36, 38 నంబరు పిన్నుల మీద యూఎస్‌బీ జత నడుస్తుంది. కార్డు అడ్డం తిరిగితే కంట్రోలరు దాని కోసం ఎదురుచూసి ఎదురుచూసి చేతులెత్తేస్తుంది, దాని మీద ఆధారపడిన పరికరాలన్నీ దానితోపాటే పోతాయి. లినక్స్ లాగ్‌లో ఎక్స్‌హెచ్‌సీఐ హోస్ట్ (అంటే యూఎస్‌బీ కంట్రోలరు) జవాబివ్వడం లేదు, చచ్చిందనుకుంటున్నాం అన్న అర్థంలో ఓ వరుస కనిపిస్తే ఇదే జబ్బు. ఆ కంట్రోలరు నుంచి దాని డ్రైవరును విడదీసి (అన్‌బైండ్) తిరిగి కలిపితే (బైండ్) చాలాసార్లు రీబూట్ లేకుండానే లేస్తుంది.

ఇక నాలుగో గుర్తు: స్పీకరులో పాట ముక్క ఒకటే గిర్రున తిరుగుతూ, కర్సర్ కదలక, పింగ్ రాకపోవడం. సౌండ్ బఫర్‌ను హార్డ్‌వేర్ తనంతట తాను చదువుకుపోతోంది, నింపాల్సిన ప్రాసెసర్ మాత్రం రావడం లేదు. ఇదే అసలైన హ్యాంగ్. ఇంటరప్టులో (ప్రాసెసరును పిలిచే హార్డ్‌వేర్ సంకేతం) ఇరుక్కున్న డ్రైవరో, బస్సు (పరికరాలను ప్రాసెసరుతో కలిపే దారి) మీద జవాబివ్వని కార్డో కారణం.

తర్వాత కారణాన్ని విడగొట్టాలి. కార్డును ఒక్కో మెట్టూ పైకి తీసుకురండి, ఏ మెట్టు దగ్గర కూలుతుందో చూడండి. బయోస్‌లో డబ్ల్యూవాన్‌ను, అంటే మొబైల్ నెట్ కార్డును, ఆపేయడం మొదటి మెట్టు. బయోస్‌లో ఆ మీట లేకపోతే బ్యాటరీ కనెక్టరు విప్పి కార్డే తీసేయండి. హ్యాంగ్ మామూలుగా రెండు రోజులకోసారి వస్తుంటే కనీసం నాలుగు రోజులు చూడాలి, ఒక పూట చూసి "బాగైంది" అనడం తప్పు. కార్డు లేకున్నా హ్యాంగ్ వస్తే ఈ లేఖ పక్కన పెట్టి మెమరీ, డిస్కు చూసుకోండి. రెండో మెట్టులో కార్డు ఉంటుంది, డ్రైవరు ఉండదు. విండోస్‌లో డివైస్ మేనేజర్‌లో డిసేబుల్ చేయాలి, లినక్స్‌లో కార్డును బట్టి సీడీసీ_ఎంబీఐఎం, క్యూఎంఐ_డబ్ల్యూవాన్, ఐఓఎస్ఎం, ఎంటీకే_టీ7ఎక్స్ఎక్స్ వంటి డ్రైవరు మాడ్యూల్‌ను ఎక్కకుండా బ్లాక్‌లిస్టులో పెట్టాలి. డ్రైవరు లేకుండానే హ్యాంగ్ అయితే అనుమానం కరెంటు మీదికో, స్లాటు మీదికో, బయోస్ మీదికో మళ్లుతుంది. మూడో మెట్టు, డ్రైవరు ఉండి సిమ్ లేకపోవడం. నాలుగు, సిమ్ ఉండి డేటా ఆపి ఉండడం. ఐదు, డేటా నడవడం. ఆరో మెట్టు నిద్ర, మెలకువ. మా లెక్కలో ఎక్కువ కేసులు బయటపడేది ఈ ఆరో మెట్టు మీదే. ఓసారి మూత వేసి తీస్తే సరిపోదు. లినక్స్‌లో ఆర్‌టీసీవేక్ ఆదేశంతో 60 సెకన్ల నిద్రను ఇరవై సార్లు తిప్పండి. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ ఆదేశానికి స్లీప్‌స్టడీ అని జతచేస్తే మోడర్న్ స్టాండ్‌బై (ఫోనులా సగం మెలకువతో నిద్రపోయే) మెషీన్లలో ఏ పరికరం నిద్రపోనివ్వలేదో చూపిస్తుంది.

ఇక్కడే ఓ మోసం ఉంది. "షట్‌డౌన్ చేసి ఆన్ చేశాం, అయినా పోలేదు" అని మీ టెక్నీషియన్లు రాస్తారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అసలు షట్‌డౌన్ కాదు. కెర్నల్‌ను, డ్రైవర్ల స్థితితో సహా, డిస్కు మీద దాచి మళ్లీ అక్కడి నుంచే లేపుతుంది. నిజంగా కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్ చేసినప్పుడే. ఇందులో ఇంకో పొర కూడా ఉంది. మోడెమ్ కార్డు దానికదే ఓ చిన్న కంప్యూటరు, దానికి సొంత ప్రాసెసరూ సొంత ఓఎస్సూ ఉన్నాయి. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయినా స్లాటుకు 3.3 వోల్టులు తెగకపోతే కార్డు పాత మత్తులోనే ఉంటుంది. కార్డును శుభ్రంగా లేపాలంటే చార్జరు తీసి, బ్యాటరీని బయోస్ నుంచి గానీ కనెక్టరు దగ్గర గానీ విడదీసి, ఒక నిమిషం ఆగాలి. మెషీన్ విప్పకుండా చేయాలంటే ఏటీ పోర్టులో (మోడెమ్‌కు నేరుగా ఆదేశాలిచ్చే దారి) ఏటీ ప్లస్ సీఫన్ ఈక్వల్ 1 కామా 1 ఆదేశం ఇవ్వొచ్చు, లేదా లినక్స్‌లోని ఎంఎంసీఎల్ఐ ఆదేశంతో రీసెట్ చేయొచ్చు. కార్డు మీకు జవాబివ్వగల స్థితిలో ఉన్నప్పుడే ఈ రెండూ పనికొస్తాయి. బిగుసుకుపోయిన కార్డుకు కరెంటు తీయడం తప్ప మందు లేదు.

నిద్ర నుంచి లేచేటప్పుడు ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డ్రైవర్లు రాసేవారికి మా ప్రధానమైన ఫిర్యాదు ఇక్కడే. పీసీఐఈ మీద నడిచే 4జీ, 5జీ కార్డుల్లో లింకును మగతలోకి పంపే ఏఎస్‌పీఎం ఉంటుంది, కరెంటు పూర్తిగా తీసేసే డీ3 కోల్డ్ స్థితి ఉంటుంది. ల్యాప్‌టాప్ లేస్తుంది, కార్డు లోపలి సాఫ్ట్‌వేర్ పూర్తిగా లేవడానికి మాత్రం సెకన్లు పడుతుంది. ఈలోపు డ్రైవరు కార్డు రిజిస్టరు (స్థితి చెప్పే చిన్న గడి) చదువుతుంది. బస్సు మీద జవాబిచ్చేవాడు లేడు. జవాబు కోసం బస్సు ఇచ్చే కంప్లీషన్ గడువు, మామూలుగా 50 మైక్రోసెకన్ల నుంచి 50 మిల్లీసెకన్ల మధ్య, తీరిపోయాక ప్రాసెసరుకు అందే విలువ అన్ని బిట్లూ 1. అంటే హెక్సాలో (16 మూలంగా రాసే అంకెల్లో) ఎనిమిది ఎఫ్‌లు. డ్రైవరులో "బిజీ బిట్ 0 అయ్యేదాకా తిరుగు" అని లూపు రాసి ఉంటే, ఆ బిట్ ఎన్నటికీ 0 కాదు. ప్రతి చుట్టులోనూ మళ్లీ గడువు తీరేదాకా ఆగడం, మళ్లీ అన్నీ ఒకట్లే. స్పిన్‌లాక్, అంటే ప్రాసెసరులో ఒకసారికి ఒక కోర్‌కే దొరికే తాళం, పట్టుకుని ఈ లూపు తిరుగుతుంటే ఆ కోర్ పోయినట్టే, ఆ లాక్ కోసం వచ్చిన మిగతా కోర్లూ ఒక్కొక్కటే వచ్చి వరుసలో నిలబడతాయి. కార్డు చేసిన తప్పు ఆలస్యంగా లేవడం ఒక్కటే. మెషీన్‌ను చంపింది డ్రైవరు.

మందు మీకు తెలియనిదేమీ కాదు. చదివిన ప్రతి విలువనూ అన్నీ ఒకట్లేనా అని ముందు చూడండి, అయితే పరికరం బస్సు మీద లేదని తీర్మానించి బయటికి రండి. ప్రతి ఎదురుచూపుకూ లెక్క పెట్టండి. నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసును మూసే దారిలో కార్డు జవాబు కోసం నిలబడకండి. లినక్స్‌లో ఆ దారిలో నెట్‌వర్క్ మార్పులకు ఉమ్మడి తాళమైన ఆర్‌టీఎన్‌ఎల్ లాక్ చేతిలో ఉంటుంది. అది పట్టుకుని డ్రైవరు ఆగితే ఐపీ ఆదేశాలు, నెట్‌వర్క్‌మేనేజర్, మోడెమ్‌తో సంబంధమే లేని వైఫై కూడా ఆగుతాయి. వాడేవారికి అది ఓఎస్ హ్యాంగ్‌గానే కనిపిస్తుంది. నిద్రలోకి వెళ్లే ముందు కెర్నల్ పనులన్నిటినీ ఆపడానికి 20 సెకన్లు చూసి, కుదరకపోతే నిద్ర మానేస్తుంది. మూత వేసి సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ కాలిపోతూ కనిపించడానికి ఇదీ ఒక కారణం.

మీరు సరిచేసేలోపు వాడేవారికి ఉపశమనం ఇలా. విండోస్ పవర్ ఆప్షన్లలో అడ్వాన్స్‌డ్ సెట్టింగులకు వెళ్లి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్‌ను ఆఫ్ చేయాలి, యూఎస్‌బీ కార్డయితే సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపాలి. మోడర్న్ స్టాండ్‌బై ఉన్న మెషీన్లలో ఈ వరుసలు కనబడకపోవచ్చు. అప్పుడు డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్‌లో, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న గడిలో టిక్ తీసేయండి. లినక్స్‌లో ఆ పరికరం పవర్ ఫోల్డరులోని కంట్రోల్ ఫైలులో ఆన్ అని రాయాలి. యూఎస్‌బీ పరికరాలకు ఆటోసస్పెండ్ గడువు మామూలుగా 2 సెకన్లే, దానికి తట్టుకోలేని కార్డులు కొన్ని ఉన్నాయి. ఏఎస్‌పీఎంను కెర్నల్ బూట్ వరుసలో మొత్తంగా ఆపేయడం పరీక్షకు బాగుంటుంది. శాశ్వతంగా వదిలేస్తే బ్యాటరీ తినేస్తుంది, కాబట్టి దోషి కార్డేనని తేలాక ఆ ఒక్క పరికరానికే ఆపండి. మూత వేసేముందు మోడెమ్ మాడ్యూల్‌ను దించి, లేచాక ఎక్కించే చిన్న స్క్రిప్టు మొరటు వైద్యమే గానీ, దాంతో ఏళ్ల తరబడి నడుస్తున్న మెషీన్లున్నాయి.

కెర్నల్ పాతదైతే ముందు అది చూడండి. ఇంటెల్ పీసీఐఈ మోడెమ్‌ల ఐఓఎస్ఎం డ్రైవరు లినక్స్ 5.14లో, మీడియాటెక్ 5జీ మోడెమ్‌ల టీ7ఎక్స్ఎక్స్ 5.19లో చేరాయి. ఆ తొలి వెర్షన్ల తర్వాత సవరణలు చాలా వచ్చాయి, కాబట్టి చేరిన వెర్షన్‌లోనే ఉండిపోవద్దు. ఇంకో మాట: లినక్స్‌లో మోడెమ్‌ను నడిపే మోడెమ్‌మేనేజర్ 1.18.4 నుంచి ఎఫ్‌సీసీ లాక్‌ను (తయారీదారు రేడియోకు వేసే తాళం) తనంతట తాను తీయదు. కార్డు కనబడుతూ, రేడియో మాత్రం ఆన్ కాకుండా ఉంటే అది హ్యాంగ్ కాదు, లాక్.

సాక్ష్యం లేకుండా ఏ డ్రైవరు బృందమూ కదలదు, అది వారి తప్పు కూడా కాదు. కాబట్టి సర్వీస్ విభాగాలు తీసి పంపవలసినవి చెబుతాం. లినక్స్‌లో తర్వాతి బూట్‌లో జర్నల్‌సీటీఎల్‌తో కిందటి బూట్ కెర్నల్ లాగ్. గట్టి హ్యాంగ్‌లో చివరి వరుసలు డిస్కుకు చేరవు, అందుకే లాగ్‌ను నెట్‌వర్క్ మీద పంపే నెట్‌కన్సోల్ పెట్టి పక్క మెషీన్‌లో యూడీపీ 6666 పోర్టు మీద వినండి. దీనికి కేబుల్ నెట్‌వర్క్ కావాలి. సిస్‌రిక్యూ (కెర్నల్‌కు నేరుగా ఆదేశమిచ్చే కీ) విలువను 1 చేసి ఉంచండి, లేకపోతే చాలా లినక్స్ పంపిణీల్లో కొన్ని అక్షరాలే పనిచేస్తాయి. ఆగినప్పుడు ఆల్ట్, సిస్‌రిక్యూతో డబ్ల్యూ నొక్కితే ఇరుక్కున్న పనులు, ఎల్ నొక్కితే ప్రతి కోర్ ఎక్కడ తిరుగుతోందో లాగ్‌లో పడతాయి. లాగ్‌లో "120 సెకన్లుగా ఆగి ఉంది" అని వస్తే లాక్ కోసం ఎదురుచూపు. సాఫ్ట్ లాకప్ అంటే ఒక కోర్ 20 సెకన్లకు పైగా కెర్నల్‌లోనే తిరుగుతోంది. హార్డ్ లాకప్ అంటే దాదాపు 10 సెకన్లుగా ఇంటరప్టులు కూడా తీసుకోవడం లేదు. ఈ మూడూ ఒకటి కావు, మూడింటికీ "హ్యాంగ్" అని రాసి పంపొద్దు.

విండోస్‌లో నీలి తెర వస్తే అది అదృష్టమే, కనీసం కోడ్ ఉంటుంది. 9ఎఫ్ అంటే నిద్ర లేదా మెలకువ ఆదేశాన్ని ఏదో డ్రైవరు పూర్తిచేయలేదు. 133 అంటే ఇంటరప్టు తర్వాతి పనిలో డ్రైవరు మితిమీరి కూర్చుంది. డీ1 అంటే ముట్టకూడని వేళ ముట్టకూడని మెమరీని ముట్టింది. నీలి తెర రాకుండా ఊరికే ఆగిపోయే మెషీన్‌కు రిజిస్ట్రీలో క్రాష్ ఆన్ కంట్రోల్ స్క్రోల్ విలువను ముందే పెట్టుకోవాలి. ఆగినప్పుడు కుడివైపు కంట్రోల్ పట్టుకుని స్క్రోల్ లాక్ రెండుసార్లు కొడితే డంప్ (ఆ క్షణపు మెమరీ నకలు) పడుతుంది. కీబోర్డు ఇంటరప్టు ఇంకా అందుతుంటేనే సుమా. డ్రైవర్ల తప్పులు పట్టే డ్రైవర్ వెరిఫయర్ వాడితే మోడెమ్ డ్రైవరు ఒక్కదాన్నే ఎంచుకోండి. అన్నీ ఎంచుకుంటే మెషీన్ బూట్ కాకుండా పోయే ప్రమాదం ఉంది, అప్పుడు సేఫ్ మోడ్‌లోకి వెళ్లి వెరిఫయర్‌ను రీసెట్ చేసుకోవాల్సి వస్తుంది.

కరెంటు సంగతి. డేటా మొదలుపెట్టగానే, అదీ సిగ్నల్ బలహీనంగా ఉన్నచోటే హ్యాంగ్ వస్తుంటే డ్రైవరు కంటే ముందు దీన్ని అనుమానించండి. ఎల్‌టీఈలో (4జీలో) కార్డు గరిష్ఠంగా వెలువరించేది 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు. అదే కార్డు 2జీలోకి జారితే 900 బ్యాండులో 33 డీబీఎం, అంటే 2 వాట్లు. అదీ నిలకడగా కాదు, 4.615 మిల్లీసెకన్లకోసారి 577 మైక్రోసెకన్ల పాటు. ఆ క్షణంలో కార్డు 2 ఆంపియర్ల దాకా గుంజవచ్చు. స్లాటు దగ్గరి కెపాసిటర్లు నీరసించినా, కాంటాక్టులు మురికిపట్టినా వోల్టేజీ కుంగుతుంది, కార్డు రీసెట్ అవుతుంది, యూఎస్‌బీ మీద ఊడి మళ్లీ తగులుతుంది. లాగ్‌లో డిస్కనెక్టు, కొత్త పరికరం నంబరు, మళ్లీ డిస్కనెక్టు అని వరుసగా పడుతుంటే ఇదే. పరీక్ష సులువు: కార్డును 4జీకి మాత్రమే కట్టేయండి. హ్యాంగ్ మాయమైతే కరెంటు దారి చూడండి. కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, స్క్రూ బిగిసిందో లేదో చూడండి, యాంటెన్నా వైర్లు రెండూ తగిలి ఉన్నాయో లేదో చూడండి. మెయిన్ వైరు ఊడితే టవరుకు వినబడక కార్డు గొంతు చించుకుంటుంది, కరెంటు వాడకం అక్కడే పెరుగుతుంది. మినీ పీసీఐఈ కార్డు యాంటెన్నా వైరు కొత్త రకం ఎం.2 కార్డుకు కూర్చోదు, కనెక్టరు సైజు వేరు. నొక్కి కూర్చోబెట్టి విరగ్గొట్టకండి.

ల్యాప్‌టాప్ పక్క గాడిలోకి దూర్చే పాత పీసీ కార్డు మోడెమ్‌లను మరిచిపోలేం. వాటిలో తగిలించిన క్షణాన్నే మెషీన్ ఆగిపోతే కారణం ఎక్కువగా ఐఓ పోర్టుల (పరికరాలతో మాట్లాడే చిరునామాల) వెతుకులాట. ఖాళీ చోటు కోసం వెతుకుతూ సర్వీసు ప్రోగ్రాము బోర్డులోని మరో పరికరం పోర్టును తడుముతుంది. పీసీఎంసీఐఏ ఫోల్డరులోని కాన్ఫిగ్.ఆప్ట్స్ ఫైలులో హెక్సా 800 నుంచి 8ఎఫ్ఎఫ్ వరకు మినహాయించాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లకు ఇది అవసరమని డెబియన్ లినక్స్ ఇన్‌స్టాలరే అడిగేది. డయల్ చేసేటప్పుడు ఆగితే ఐఆర్‌క్యూ (ఇంటరప్టు గీత నంబరు) తగాదా చూడండి: సీరియల్ పోర్టుల్లో కామ్1, కామ్3 రెండూ 4 మీద, కామ్2, కామ్4 రెండూ 3 మీద ఉంటాయి. ఇన్‌ఫ్రారెడ్ పోర్టు చడీచప్పుడు లేకుండా కామ్2ను ఆక్రమించి కూర్చుంటుంది, బయోస్‌లో దాన్ని ఆపండి. లాగ్‌లో ఐఆర్‌క్యూను ఎవరూ పట్టించుకోలేదన్న వరుస ఉంటే, లక్ష ఇంటరప్టుల్లో 99,900 దిక్కులేనివిగా తేలి కెర్నల్ ఆ గీతనే కట్ చేసిందని అర్థం. ఆ గీతను పంచుకుంటున్న డిస్కో, సౌండ్ కార్డో ఆ తర్వాత చచ్చినట్టు కనిపిస్తుంది. తిట్లు వాటికి పడతాయి, దోషి మోడెమ్. సాఫ్ట్‌మోడెమ్‌ల గురించి ఒక్క మాట చాలు. సిగ్నల్ లెక్కలన్నీ ల్యాప్‌టాప్ ప్రాసెసరు మీదే, కెర్నల్ లోపలే చేసే మూసిన డ్రైవరుకు కొత్త కెర్నల్ మీద మరమ్మతు ఉండదు. కార్డు మార్చడమే.

బయోస్ రాసేవారికి. కొత్త కార్డు పెట్టగానే బూట్ ఆగిపోయి "1802" అనో "104" అనో నంబరు చూపిస్తే అది కార్డు చెడిపోవడం కాదు, ఆమోదిత కార్డుల జాబితాలో అది లేదని బయోస్ మొండికేయడం. ఆ జాబితా మీ ఇష్టం అనుకుందాం. కనీసం మెషీన్‌ను ఆపకుండా ఆ స్లాటును మాత్రం ఆపి, కారణం తెర మీద చెప్పి బూట్ కానివ్వండి. డబ్ల్యూవాన్‌ను విడిగా ఆపే మీట ప్రతి మోడల్ బయోస్‌లోనూ ఉంచండి. ఎం.2 స్లాటులో 6వ పిన్ను కార్డు పూర్తి కరెంటును, 67వ పిన్ను రీసెట్‌ను నడుపుతాయి. వాటిని తీగతో ఎటూ కట్టేయకుండా బోర్డు మీది కంట్రోలరు చేతిలో పెడితే, బిగుసుకుపోయిన కార్డును మెషీన్ విప్పకుండా, రీబూట్ కూడా లేకుండా లేపవచ్చు. స్లాటులో నడిచేది యూఎస్‌బీనా, పీసీఐఈనా, రెండూనా అన్నది సర్వీస్ మాన్యువల్‌లో ఒక వరుసలో రాయండి. అది రాయకపోవడం వల్లే బీ కీ (స్లాటు గాటు రకం) సరిపోయింది గదా అని పీసీఐఈ కార్డు తెచ్చి యూఎస్‌బీ మాత్రమే ఉన్న స్లాటులో పెట్టి, కార్డు చచ్చిందని వాపసు పంపుతున్నారు.

కార్డు ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలను ల్యాప్‌టాప్ మోడల్ పేరుకు కట్టేయడం ఆపాలని కార్డు తయారీదారులను కోరుతున్నాం. ఏటీ ప్లస్ సీజీఎంఆర్ అడిగితే వెర్షన్ తెలుస్తుంది. ఆ వెర్షన్‌లో ఏ హ్యాంగ్ సరిచేశారో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. "స్థిరత్వం మెరుగుపరిచాం" అన్న వాక్యంతో ఏ టెక్నీషియనూ ఏమీ నిర్ణయించలేడు.

సర్వీస్ కౌంటరులో ఉన్నవారికి చివరగా, రేపటి నుంచే చేయగలిగింది. జాబ్ షీటులో ఈ ఐదు గడులు చేర్చండి: ఏ మెట్టు దగ్గర ఆగింది, ఆగినప్పుడు పింగ్ వచ్చిందా, సొంత కీబోర్డు పనిచేసిందా, కార్డు ఫర్మ్‌వేర్ వెర్షన్ ఎంత, కార్డు తీసేశాక ఎన్ని రోజులు చూశారు. ఈ ఐదూ నిండకుండా ఓఎస్ మళ్లీ వేయడానికి సంతకం పెట్టించుకోకండి. కార్డు తీసి మెషీన్‌ను వెనక్కి ఇచ్చేటట్టయితే యాంటెన్నా వైర్ల కొనలకు విడివిడిగా ఇన్సులేషన్ టేపు చుట్టండి. వదిలేసిన లోహపు కొన బోర్డుకు తగిలితే ఇంకో కొత్త హ్యాంగ్‌తో అదే ల్యాప్‌టాప్ మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

ఇట్లు,
మోడెమ్ కార్డులున్న ల్యాప్‌టాప్‌లు బాగుచేసేవాళ్లం